మొక్కల వెంట వచ్చే నత్తలు: అక్వేరియంలో అడుగుపెట్టనివ్వకుండా, అడుగుపెడితే పెరగనివ్వకుండా

చెన్నైలో చేపలు పెంచుకునే తెలుగువాళ్ళలో కొళత్తూర్ వెళ్ళనివారు అరుదు. విల్లివాక్కం దాటి ఆ వీధుల్లోకి అడుగుపెడితే రెండు పక్కలా గాజుతొట్లు, గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచులు, నీళ్ళలో నానుతున్న మొక్కల కట్టలు కనిపిస్తాయి. కొన్నేళ్ళ కిందట అక్కడినుంచి ఒక వాలిస్నేరియా కట్ట, ఒక అమెజాన్ స్వోర్డ్ మొక్క పెరంబూరులోని మా ఇంటికి తెచ్చి, కుళాయి కింద ఒకసారి ఆడించి, నేరుగా రెండడుగుల ట్యాంకులో నాటాను. నెలన్నర గడిచాక ఒక రాత్రి లైటు వేసి చూస్తే, ముందు గాజు మీద నువ్వుగింజలు చల్లినట్టు నత్తపిల్లలు కనిపించాయి. వాటిని వదిలించుకోవాలన్న తొందరలో నేను చేసిన పని ఆ నత్తలకంటే ఎక్కువ నష్టం తెచ్చింది. ఆ సంగతి తగినచోట చెబుతాను. అప్పటినుంచి నా అభిప్రాయం ఒకచోట స్థిరపడింది. నత్త మొక్క మీద ఎక్కి వస్తుంది, కానీ గుంపుగా మారేది మనం వేసే మేత తిని. అందువల్ల జాగ్రత్త పడవలసినవి రెండే చోట్లు: మొక్క ట్యాంకులోకి వెళ్ళే ముందు ఒకటి, మేత డబ్బా దగ్గర మరొకటి.

ఏ నత్తో ముందుగా గుర్తుపట్టాలి

మన ట్యాంకుల్లోకి పిలవకుండా వచ్చే నత్తలు ముఖ్యంగా నాలుగు రకాలు. ఏది వచ్చిందో తెలిస్తేనే ఏ పద్ధతి పనిచేస్తుందో తెలుస్తుంది కాబట్టి ఈ గుర్తింపును దాటవేయకూడదు.

మొదటిది బ్లాడర్ నత్త, శాస్త్రీయనామం ఫైసా అక్యూటా. పలుచని, గోధుమరంగు గుల్ల, సన్నని దారాల్లాంటి మీసాలు ఉంటాయి. గుల్ల మొనను పైకి పెట్టి, నోరు మనవైపు తిప్పి చూస్తే ఆ నోరు ఎడమపక్కన కనిపిస్తుంది. చూడడానికి దీనిలాగే ఉండే లిమ్నియా జాతి చెరువు నత్తకు నోరు కుడిపక్కన ఉంటుంది, మీసాలు వెడల్పుగా త్రికోణాకారంలో ఉంటాయి. మూడవది పొట్టేలు కొమ్ములా ఒకే తలంలో చుట్టుకున్న రామ్స్‌హార్న్. దీని రక్తంలో మనకు మల్లేనే హిమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే లేతరంగు గుల్ల ఉన్నవి ఎర్రగా, గులాబీరంగులో కనిపిస్తాయి, కొందరు వాటిని డబ్బిచ్చి మరీ కొంటారు. ఈ మూడూ గాలి పీల్చే నత్తలు, గుల్ల నోటికి మూత ఉండదు. పైగా ఒకే జీవిలో ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి కనుక జత లేకపోయినా, ట్యాంకులో పడిన ఒక్క నత్తే సంతానాన్ని మొదలుపెట్టగలదు.

నాలుగవది ట్రంపెట్ నత్త, అంటే మెలనాయిడెస్ ట్యూబర్‌క్యులేటా. పొడవుగా, కొసదేలి, చిన్న శంకువులా ఉంటుంది. ఇది గుడ్లు పెట్టదు. పిల్లల్నే కంటుంది, అది కూడా ఎక్కువగా మగదానితో పనిలేకుండానే. పగలంతా ఇసుకలో దూరి ఉండి రాత్రి పైకి వస్తుంది. గుల్లకు గట్టి మూత ఉండడం వల్ల మందునీళ్ళు తగిలితే తలుపు వేసుకుని కూర్చుంటుంది. మొక్కల ఆకుల మీదకంటే కుండీ వేళ్ళ మధ్య, ఆ వేళ్ళను చుట్టిన దూదిలాంటి పదార్థంలో ఇది దాక్కుని వస్తుంది.

గుడ్లను గుర్తుపట్టడం పెద్ద నత్తను గుర్తుపట్టడంకంటే అవసరం. బ్లాడర్ నత్త గుడ్లు రంగులేని మెత్తని జిగురుముద్దలో ఉంటాయి. తడి ఆకు మీద వేలితో తడిమితేనే తెలుస్తాయి. రామ్స్‌హార్న్ గుడ్లముద్ద గుండ్రంగా, బల్లపరుపుగా, కాస్త పసుపురంగులో బొట్టుబిళ్ళ అతికించినట్టు ఉంటుంది. లిమ్నియాది పొడవైన ముద్ద. లోపల గుడ్లు సగ్గుబియ్యం గింజల్లా వరుసగా కనిపిస్తాయి. ఈ మూడింటికీ ఇష్టమైన చోటు ఆకు అడుగుభాగం, కాడ మొదలు.

ఆకులకు చిల్లులు పెడుతున్నది నత్తేనా?

చాలామంది నత్తల మీద యుద్ధం ప్రకటించేది ఆకుల్లో చిల్లులు చూసి. అయితే బ్లాడర్, రామ్స్‌హార్న్, ట్రంపెట్ నత్తల నాలుక గాజు మీది పాచిని, కుళ్ళుతున్న ఆకును గీకడానికి సరిపోతుంది గాని ఆరోగ్యంగా ఉన్న గట్టి ఆకును కొరకడానికి సాధారణంగా సరిపోదు. పాత ఆకుల్లో ముందు సూదిమొనంత చిల్లులు పడి, వాటి అంచులు పసుపుపచ్చగా మారి, తరువాత పెద్దవైతే అది పొటాషియం లోపానికి గుర్తు. నర్సరీల్లో చాలా మొక్కలను నీటిపైన, తేమగాలిలో పెంచుతారు. అవి నీట మునిగాక పాత ఆకులు కరిగిపోయి కొత్త ఆకులు వస్తాయి. కరుగుతున్న ఆకు చుట్టూ నత్తలు మూగితే నేరం వాటిమీద పడుతుంది. నిజంగా మెత్తని మొక్కలను తినే అలవాటు ఉన్నది లిమ్నియాకు. దాన్ని మాత్రం కనబడగానే తీసివేయాలి. మిగతావి పదో పరకో ఉంటే వాటివల్ల హాని లేదు, మిగిలిపోయిన మేతను శుభ్రం చేస్తాయి కూడా. వాటిని చూస్తే చికాకు అనుకునేవారికి, ఎర్రరొయ్యల ట్యాంకులో అవి వద్దనుకునేవారికి ఈ కింది శ్రమ తగినదే.

దుకాణంలోనే మొదలయ్యే పని

మొక్క ఉన్న తొట్టెను, అందులోని నీటిని, గాజు మూలలను ముందు చూడండి. అక్కడ నత్తలు తిరుగుతుంటే ఆ తొట్టెలోని ప్రతి కట్టలోనూ గుడ్లు ఉన్నాయనే అనుకోవాలి. చెన్నైలో దుకాణదారుని అడగడానికి భాష అడ్డంకి కాదు. మన నత్తను తమిళంలో ‘నత్తై’ అనే అంటారు. ‘నత్తై ఇరుక్కా?’ అని అడిగితే, ‘రెండు ఉంటే ఏమవుతుంది సార్, పాచి తింటాయి’ అని తెలుగులోనే సమాధానం వచ్చిన సందర్భాలు నాకున్నాయి. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు, రెండుతో ఆగితే.

నత్త అసలే వద్దనుకునేవారికి ఖచ్చితమైన మార్గం టిష్యూ కల్చర్ మొక్కలు. ఇవి మూతపెట్టిన చిన్న కప్పుల్లో, జెల్ లాంటి పదార్థంలో, ప్రయోగశాలలో పెరిగి వస్తాయి కాబట్టి నత్త గాని, గుడ్డు గాని, పాచి గాని ఉండదు. ధర ఎక్కువ, మొక్క చిన్నది, మొదటి కొన్ని వారాలు లేతగా ఉంటుంది. రొయ్యల ట్యాంకుకైతే ఆ ధర పెట్టడమే మేలని నా లెక్క. కప్పులోని జెల్‌ను మాత్రం గోరువెచ్చని నీటిలో పూర్తిగా కడిగివేయాలి. దానికి భిన్నంగా, ఊరి చెరువు నుంచో కాలువ నుంచో హైడ్రిల్లా తెచ్చి వేసే అలవాటును మానుకోవడం మంచిది. నత్తలతో పాటు జలగలు, తూనీగ పిల్లపురుగులు కూడా వస్తాయి. తూనీగ పిల్లపురుగు చిన్న చేపపిల్లలను పట్టి తింటుంది.

ఇంటికి తెచ్చిన రోజున

సంచి విప్పిన నీటిని ట్యాంకులో పోయకూడదు. మొక్కలను తెల్లని ప్లాస్టిక్ టబ్బులోకి తీసుకుంటే రాలిపడిన నత్తలు స్పష్టంగా కనిపిస్తాయి. కట్టకు చుట్టిన సీసపు పట్టీని, రబ్బరు బ్యాండును విప్పి కాడలను విడదీయాలి. కుండీలో వచ్చిన మొక్కైతే కుండీని కత్తిరించి, వేళ్ళను పట్టుకున్న దూదిలాంటి పదార్థాన్ని ట్వీజర్‌తో కొంచెం కొంచెంగా లాగివేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ ట్రంపెట్ నత్తను ఆపగలిగేది ఇక్కడే. తరువాత వేసే ఏ మందునీళ్ళకూ అది అంత తేలిగ్గా లొంగదు.

పసుపుబారిన ఆకులను, చితికిన కాడలను కోసి పారేయండి. నత్త గుడ్లు పెట్టడానికి ఎంచుకునేది ఎక్కువగా అటువంటి పాత ఆకులనే, అవి ఎలాగూ ట్యాంకులో కుళ్ళేవే. మిగిలిన ప్రతి ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి, అడుగుభాగాన్ని బొటనవేలితో నిమరాలి. జిగురుముద్ద తగిలితే గోటితో గీకివేయాలి. గుడ్డును కప్పిన జిగురు దానికి కవచం లాంటిది. రెండు నిమిషాల బ్లీచు నీటిని కూడా అది కొంతవరకు కాచుకుంటుంది. అందుకే వేలితో చేసే ఈ పని మందుకంటే నమ్మదగినది. అమెజాన్ స్వోర్డ్, అనుబియాస్ వంటి వెడల్పాటి ఆకులకు ఇది పది నిమిషాల పని. జావా మాస్ అనే నాచుకు, దారాల్లాంటి సన్నని ఆకులున్న కబోంబాకు ఇది సాధ్యమే కాదు. వాటి సంగతి వేరుగా చూడాలి.

ముంచి తీయడం: ఏ మొక్కకు ఏది

గట్టి ఆకుల మొక్కలకు బ్లీచు ద్రావణం అన్నిటికంటే వేగంగా పనిచేస్తుంది. సోడియం హైపోక్లోరైట్ 5 శాతం ఉన్న, వాసన గాని సబ్బు గాని కలపని బ్లీచు లిక్విడ్ 50 మిల్లీలీటర్లను 950 మిల్లీలీటర్ల నీటిలో కలపాలి. మన దుకాణాల్లో దొరికే సీసాల మీద 4 శాతం అని ఉంటే 60 మిల్లీలీటర్ల వరకు తీసుకోవచ్చు. సీసా మీది తయారీ తేదీని చూడడం మరువకండి. బ్లీచు వేడికి శక్తి కోల్పోతుంది, చెన్నై ఎండాకాలంలో వంటింటి అలమరలో ఏడాది పడివున్న సీసాను నమ్మి కొలతలు వేయడం వృథా.

పక్కనే మరో రెండు టబ్బులు సిద్ధంగా ఉంచుకుని పని మొదలుపెట్టాలి: ఒకదాంట్లో మామూలు నీరు, రెండవదాంట్లో యాంటీ క్లోరిన్, అంటే నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టే అక్వేరియం మందు, సీసా మీది మోతాదుకు మూడు నాలుగు రెట్లు కలిపిన నీరు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, ఫోన్లో గడియారం పెట్టుకుని మొక్కను ముంచాలి. అనుబియాస్‌కు రెండు నిమిషాలు, అమెజాన్ స్వోర్డ్‌కు ఒకటిన్నర, లుడ్విజియా, రోటాలా వంటి కాడమొక్కలకు ఒక నిమిషం. ‘ఇంకాస్త ఉంచితే ఇంకాస్త శుభ్రం’ అన్న ఆలోచన ఇక్కడ మొక్కను చంపుతుంది. సమయం కాగానే మామూలు నీటిలో ఆడించి, యాంటీ క్లోరిన్ నీటిలో పది నిమిషాలు ఉంచి, మళ్ళీ కడిగి, ఆకును ముక్కు దగ్గర పెట్టి చూడాలి; బ్లీచు వాసన మిగిలి ఉంటే మరో పది నిమిషాలు. క్రిప్టోకొరైన్‌కు కూడా ఈ పద్ధతి వాడవచ్చు గాని దాని ఆకులు చాలావరకు కరిగిపోయి, వేరు నుంచి కొత్తగా చిగురిస్తాయని ముందే సిద్ధపడాలి.

వాలిస్నేరియా, కబోంబా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్, నాచు జాతులు బ్లీచును తట్టుకోలేవు. మరొక హెచ్చరిక: బాత్రూము కడిగే ఆమ్లపు ద్రావకాలు బ్లీచు కావు, వాటిని బ్లీచుతో ఒకే బకెట్టులో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కిటికీలు తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి ఈ పని చేయండి. బ్లీచింగ్ పౌడర్‌ను కూడా బ్లీచు లిక్విడ్‌కు బదులుగా వాడకూడదు; దాని రసాయనం వేరు, గాఢత వేరు.

సున్నితమైన మొక్కలకు నేను వాడేది పటిక. చెన్నైలో నాటుమందుల దుకాణంలో ‘పడికారం’ అని అడిగితే ఇస్తారు. దాన్ని దంచి, లీటరు నీటికి ఒక టీస్పూను, అంటే సుమారు 5 గ్రాముల చొప్పున గోరువెచ్చని నీటిలో కరిగించి, చల్లారాక మొక్కలను ముంచాలి. తిరిగే నత్తలను వదిలించడానికి రెండు మూడు గంటలు చాలు. గుడ్ల మీద కూడా ప్రభావం కావాలంటే రాత్రంతా ఉంచాలి. బ్లీచుకంటే నెమ్మది, కానీ రెండు నిమిషాలు దాటిందేమోనని గుండె దడ లేదు. మర్నాడు మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగాలి. పటిక నీటిని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి ఆ నీరు చుక్కైనా రొయ్యల ట్యాంకులో పడకుండా చూడాలి. గుడ్ల విషయంలో పటిక నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ కాదు. వేలితో నిమరలేని నాచుకు పటికతో పాటు కింద చెప్పబోయే ఏకాంతవాసం కూడా తప్పదు.

సోడా పద్ధతి ఇటీవల బాగా ప్రచారంలోకి వచ్చింది. మొక్కలను పూర్తిగా మునిగేలా సాదా సోడాలో పెట్టి, మూత వేసి, పన్నెండు గంటలు కటిక చీకటిలో ఉంచుతారు. బొగ్గుపులుసు వాయువు ఎక్కువై, ప్రాణవాయువు లేక నత్తలు, పాచి దెబ్బతింటాయి; మొక్క తట్టుకుంటుంది. సాదా సోడా అంటే సాదా సోడానే, పన్నీర్ సోడా, నిమ్మ సోడా కాదు. పాచి మీద దీని పనితనం బాగుంది. గుడ్ల మీద అంత ధీమాగా చెప్పలేను.

పొటాషియం పర్మాంగనేట్‌ను లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున కలిపి పది పదిహేను నిమిషాలు ముంచడం పాత పద్ధతి. సూక్ష్మజీవులకు అది మంచిదే గాని గుడ్లముద్దలకు చాలదు. చేతులకు, టబ్బుకు గోధుమరంగు మరకలు మాత్రం మిగులుతాయి. ఉప్పునీటి ముంపు విషయంలో నత్త చచ్చే గాఢతకు, మొక్క చచ్చే గాఢతకు మధ్య తేడా చాలా తక్కువ. నేను దాన్ని సిఫారసు చేయను.

బకెట్టులో నాలుగు వారాలు

ముంచి తీసిన మొక్కను వెంటనే ట్యాంకులో పెట్టకుండా వేరే ఉంచి చూడడమే అసలైన వడపోత. నీటి వేడి 25 డిగ్రీల దగ్గర ఉంటే బ్లాడర్, రామ్స్‌హార్న్ గుడ్లు వారం నుంచి రెండు వారాల లోపు పిల్లలవుతాయి. చెన్నైలో ఏడాదిలో చాలా నెలలు నీరు అంతకంటే వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా పొదుగుతాయి. పుట్టిన పిల్ల ఇసుకరేణువంత ఉంటుంది. కంటికి తేలిగ్గా ఆనడానికి మరో వారం పది రోజులు కావాలి. మూడు వారాలు కనీసం, నాలుగైతే నిశ్చింత అన్న లెక్క ఇక్కడినుంచే వచ్చింది.

20 లీటర్ల తెల్ల బకెట్టు చాలు. నీడపట్టున, పగటి వెలుతురు పడే చోట లేదా చిన్న ఎల్ఈడీ దీపం కింద పెట్టాలి. మట్టి, ఇసుక వేయకూడదు; వేస్తే నత్తలు కనబడవు. వారానికొకసారి మొక్కలను తీసి, నీటిని తెల్లగుడ్డలో వడకట్టి, బకెట్టు గోడలు తుడిచి, ఆకులను మళ్ళీ నిమరాలి. కొత్త నత్తపిల్ల కనబడితే గడువు లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి. రెండవ వారంలో ఒక పాలకూర ఆకును ఉడికించి రాత్రిపూట వేస్తే దాక్కున్నవి కూడా బయటపడతాయి. ఈ బకెట్టుకు సన్నని దోమతెర కట్టడం మరిచిపోకండి. నిలవనీటిలో డెంగీ దోమ పెరుగుతుంది; బాల్కనీలో మూతలేని బకెట్టు చూస్తే దోమల తనిఖీకి వచ్చే కార్పొరేషన్ సిబ్బంది ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇప్పటికే ట్యాంకు నిండా ఉంటే

ఇక్కడ మందు వెతకడం మాని మేత చూడాలి. నత్తల సంఖ్య మన చేతి ఉదారత్వానికి కొలబద్ద లాంటిది. తినడానికి ఎంత ఉంటే అన్ని గుడ్లు నిలుస్తాయి. మా ఇంట్లో పొద్దున నేను, సాయంత్రం మా అబ్బాయి, మధ్యలో చేపలు ఆకలితో చూస్తున్నాయని మా అమ్మ, ఇలా రోజుకు మూడు పూటలా మేత పడేది. దాన్ని ఒకే మనిషి చేతికి అప్పగించి, రోజుకు ఒక పూట, చేపలు రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేసి, వారానికి ఒకరోజు ఉపవాసం పెట్టాక, రెండు నెలల్లో గాజు మీది నత్తలు లెక్కపెట్టగలిగినన్ని అయ్యాయి. పెద్ద చేపలకు ఆ ఒకరోజు ఉపవాసం ఏ హానీ చేయదు. చేపపిల్లలున్న ట్యాంకులో మాత్రం దీన్ని పాటించకూడదు. మేత తగ్గించడంతో పాటు ప్రతి వారం గ్రావెల్ వ్యాక్యూమ్‌తో ఇసుకపైన పేరుకున్న మడ్డిని లాగి, పావువంతు నీరు మార్చి, కరుగుతున్న ఆకులను కోసివేయాలి. మడ్డి, కుళ్ళిన ఆకు, పాచి మిగిలి ఉంటే మేత తగ్గించిన ఫలితం సగమే దక్కుతుంది.

ఉన్నవాటిని తీయడానికి ఎర వేయండి. కీరదోసకాయ ముక్కను గాని, ఉడికించిన పాలకూరను గాని స్టీలు ఫోర్కుకు గుచ్చి, దీపం ఆర్పాక ట్యాంకు అడుగున పెట్టి, తెల్లవారుజామున చేపలు కదలకముందే నత్తలతో సహా మెల్లగా పైకి తీయాలి. మొదటి రాత్రి గుప్పెడు వస్తాయి. వరుసగా వారం రోజులు చేస్తేనే తేడా తెలుస్తుంది, ఎందుకంటే పెద్దవి పోగానే చిన్నవాటికి చోటు, తిండి దొరికి అవి త్వరగా ఎదుగుతాయి. ఎర ముక్కను రాత్రికి మించి వదిలేస్తే అది కుళ్ళి వాటికే విందవుతుంది. గాజు మీద కనబడిన గుడ్లముద్దలను పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి, గొట్టంతో లాగివేయాలి. ఫిల్టర్‌ను కూడా విప్పి చూడండి. ట్రంపెట్ నత్త గుల్ల మోటారు చక్రంలో ఇరుక్కుంటే అది గరగరలాడి ఆగిపోతుంది. నీటిని లాగే గొట్టం మూతికి స్పాంజి తొడిగితే ఆ బెడద తప్పుతుంది.

చెన్నైలో బోరునీరు వాడేవారికి ఒక మాట. చాలా ప్రాంతాల్లో ఆ నీరు గట్టిది, అంటే కాల్షియం ఎక్కువ, నత్తగుల్లకు అదే సున్నం. అందుకని నీటిని మెత్తబరచి నత్తల గుల్లలు కరిగించాలని ప్రయత్నించడం చేపలకు శిక్ష. అటువైపు పోవద్దు.

నత్తలను తినే జీవులు

అసాసిన్ నత్త ఈ పనికి వాడే జీవుల్లో చిన్న ట్యాంకుకు నప్పేది. పసుపు, నలుపు చారల గుల్లతో రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, ఇసుకలో దాగి ఇతర నత్తలను వేటాడుతుంది. ఆడ, మగ వేరువేరు కాబట్టి, ఒక్కో గుడ్డును విడిగా పెడుతుంది కాబట్టి గుంపుగా పెరగదు. రెండడుగుల ట్యాంకులో ఐదారు వేస్తే కొన్ని నెలల్లో తేడా కనిపిస్తుంది. గుడ్లను మాత్రం పెద్దగా పట్టించుకోదు, ఇష్టంగా పెంచుకునే రామ్స్‌హార్న్‌ను కూడా వదలదు.

బోటియా జాతి లోచ్ చేపలు నత్తలను గుల్లలోంచి లాగి తింటాయి. కానీ అవి గుంపుగా ఉండాలి, వాటికి పెద్ద ట్యాంకు కావాలి. దుకాణంలో వేలెడంత కనిపించే క్లౌన్ లోచ్ ఒక అడుగు వరకు పెరుగుతుంది. కేరళ నదుల్లో పుట్టిన బఠాణీగింజంత పఫర్ చేపకు నత్త అంటే ప్రాణం. అయితే గప్పీల తోకలను కూడా అంతే ఇష్టంగా కొరుకుతుంది, విడిగా పెంచవలసిన చేప అది. నత్తల కోసం చేపను కొనడం ఎలుకల కోసం ఇల్లు మారడం లాంటిదని నాకనిపిస్తుంది. ఆ చేపను ఎలాగూ పెంచాలని ఉంటేనే తెచ్చుకోండి.

మందు వేసి నేను చేసిన పొరపాటు

మొదట్లో చెప్పిన తొందరపాటు ఇదే. గాజు మీద నత్తలు కనబడిన వారంలోనే, ఒక దుకాణంలో ఇచ్చిన నీలంరంగు మందును సీసా మీద రాసినంత పోశాను. అందులో ఉన్నది రాగి, అంటే మైలుతుత్తం జాతి లవణం. రెండు రోజుల్లో నత్తలు చచ్చాయి, నాకు సంతోషమూ కలిగింది. ఇసుకలో, వేళ్ళ మధ్య చచ్చిన వందలాది నత్తలు కుళ్ళడం మొదలయ్యేసరికి నీరు పాలలా మారింది, అమ్మోనియా పెరిగింది, చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. రోజూ సగం నీరు మార్చినా నాలుగు చేపలు దక్కలేదు. రొయ్యలైతే మందు వేసిన మొదటి రోజే పోయాయి. రాగి వాటికి విషం. మెత్తని నీటిలో రాగి చేపలకు కూడా మరింత ప్రమాదకరం. ఆ మందు మట్టిలో, ఇసుకలో కొంత ఇంకి నిలిచిపోతుంది కనుక తరువాత ఆ ట్యాంకులో రొయ్యలను వేసే ధైర్యం నాకు కలగలేదు. ఇంతా చేస్తే, మూడు నెలలకు ఇసుకలోంచి ట్రంపెట్ నత్తలు మళ్ళీ తొంగిచూశాయి.

పూర్తిగా విప్పి మళ్ళీ పెట్టుకోవడం ఒక్కటే మిగిలిందనుకుంటే, చేపలను, మొక్కలను వేరుచేసి, ఇసుకను మే నెల డాబా ఎండలో పలుచగా పరిచి, రోజూ కలియదిప్పుతూ వారం పైగా ఆరనివ్వాలి. ట్రంపెట్ నత్త తేమ మిగిలినంతకాలం మూత బిగించుకుని బతుకుతుంది కాబట్టి ఒక పూట ఎండ చాలదు. ఫిల్టర్ స్పాంజిని ఆరబెడితే అందులోని మేలుచేసే సూక్ష్మజీవులు పోతాయి. ఆ పైన ట్యాంకును కొత్తగా నీరు పండించుకున్నట్టే, అంటే ఆ సూక్ష్మజీవులు మళ్ళీ పెరిగేలా, నాలుగైదు వారాలు నడిపి, అమ్మోనియా పరీక్ష చేసుకుని చేపలను వేయాలి.

తీసిన నత్తలను ఏం చేయాలి

కాలువలో గాని, రెట్టేరి వంటి చెరువులో గాని వదలకూడదు. దుకాణాల ద్వారా ఎక్కడెక్కడి నీటి జీవులో మన ఇళ్ళకు చేరుతున్నాయి. లిమ్నియా వంటి నత్తల ఒంట్లో పశువుల కాలేయాన్ని దెబ్బతీసే పురుగు పెరుగుతుంది. చెరువుకు చేరిన నత్త ఎవరి పశువుకు ముప్పో మనకు తెలియదు. ఉప్పు చల్లి చంపడం వాటికి దీర్ఘమైన బాధ. మందపాటి ప్లాస్టిక్ కవరులో వేసి ఒక్కసారిగా నలగ్గొట్టడం వేగమైన పద్ధతి; అలా నలిపినవాటిని మొక్కల కుండీలో మట్టి కింద పూడ్చితే గుల్లలోని సున్నం మొక్కకు పనికొస్తుంది. ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోవాలి. బ్లీచు, పటిక కలిపిన నీటిని కుండీల్లో పోయకుండా మరుగుదొడ్డిలో పోయాలి, బ్లీచు టబ్బును మళ్ళీ ట్యాంకు పనికి వాడే ముందు యాంటీ క్లోరిన్ నీటితో కడిగి ఎండలో ఆరబెట్టాలి.